బండి మీద ఇద్దరికే చోటు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కొత్తగా కాపురం పెట్టినవాళ్లవే. ఒకరిది సోంపేట, ఒకరిది గజపతినగరం, కానీ బాధ ఇంచుమించు అందరిదీ ఒకటే: ఇద్దరం కలిసి కాసేపు ఎక్కడికైనా పోవాలి, సెలవు ఒక్క రోజే, చేతిలో డబ్బు అంతంతమాత్రం, ఇంట్లో నలుగురు పెద్దవాళ్లు. అరకు, వైజాగ్ సంగతి నేను చెప్పాలా, వాటి జోలికి పోవడం లేదు. పేర్లు వెయ్యొద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రమే రాస్తున్నాను.

ప్రశ్న (ఆమదాలవలస): అప్పా, మా ఆయనది పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. వారానికి ఒక్క సెలవు, అదీ ఆదివారమే వస్తుందన్న గ్యారంటీ లేదు. పెళ్లైన దగ్గర్నుంచి కళింగపట్నం తీసుకెళ్తానని అంటూనే ఉన్నారు. ఒక్క రోజులో బండి మీద వెళ్లి రాగలిగేలా, జేబుకు చిల్లు పడకుండా ఏదైనా దారి చెప్పండి. నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషిని నిద్ర లేపి తిప్పడం పాపమేమో అని కూడా అనిపిస్తోంది.

జవాబు: పాపమే. నైట్ డ్యూటీ దిగిన పొద్దున మాత్రం బండి తియ్యనివ్వకు, నిద్ర కళ్లతో హైవే ఎక్కడం కంటే ఇంట్లో పడుకోవడం నయం. పగలు డ్యూటీ చేసి, రాత్రంతా పడుకుని, మర్నాడు సెలవు పడ్డ రోజు చూసుకోండి. ఆరింటికల్లా బయల్దేరితే మొదట అరసవల్లి. ఆదివారం సూర్యనారాయణస్వామికి ఇష్టమైన రోజు కాబట్టి జనం విరగబడతారు, అందుకని మీ ఆయనకు మామూలు వారంలో సెలవు రావడం ఒక రకంగా మీ అదృష్టమే అనుకో. స్వామి పాదాల మీద సూర్యకిరణాలు పడేది మార్చిలో కొన్ని రోజులు, అక్టోబరులో కొన్ని రోజులు. ఆ రోజుల్లో వెళ్తే కిరణాలు కనబడతాయో లేదో గానీ జనం తలలు మాత్రం బాగా కనబడతాయి, పైగా మబ్బు పట్టిందంటే అదీ ఇదీ రెండూ లేవు. రథసప్తమికైతే ఒక్క రోజు సెలవు ఉన్నవాళ్లు ఆ ఛాయలకే పోవద్దు, ఆ రోజు మొత్తం క్యూలోనే అయిపోతుంది.

అక్కణ్ణుంచి శ్రీకూర్మం. విష్ణుమూర్తి తాబేలు రూపంలో పూజలందుకునే గుడి. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, అందుకే తూర్పున ఒకటి, పడమర ఒకటి రెండు ధ్వజస్తంభాలు. అందరూ తాబేళ్లున్న చోటికి పరిగెత్తి గోడల మీది పాత రంగుల బొమ్మలు చూడకుండా వచ్చేస్తారు, మీరు ముందు అవి చూడండి. తాబేళ్లు ఎక్కడికీ పోవు. వీపు మీద ఒక్కో గుబురు నుంచి పసుపు గీతలు చుట్టూ విచ్చుకుని ఉంటాయి, నక్షత్ర తాబేళ్లని అందుకే అంటారు. ఆకు తినేటప్పుడు మెడ చాచి నోటితో పట్టి, ముందుకాలుతో తొక్కి లాగుతుంది, అది చూస్తూ పావుగంట తెలియకుండా గడిచిపోతుంది. చేత్తో ఎత్తి సెల్ఫీ దిగుదామని మీ ఆయన అంటే వద్దను, అవి చట్టం కాపాడే జీవాలు, దేవుడి సంగతి తర్వాత.

అటు తర్వాత శాలిహుండం. నన్నడిగితే ఈ తిరుగుడంతటికీ అసలైన చోటు ఇదే. కొండ మీద బౌద్ధుల ఇటుక స్తూపాలు, చైత్యాలు, కింద వంశధార. 1919లో దీన్ని బయటి ప్రపంచానికి తెలియజేసింది మన గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష కోసం పోట్లాడిన ఆయనే, సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు రాసిన ఆయనే. ఎండ ముదరకముందే ఎక్కండి, లేకపోతే ఇటుకలు అరికాళ్లు కాల్చేస్తాయి. నీళ్లు పైన కొనుక్కుందామనుకోకుండా ఇంటి నుంచే రెండు సీసాలు పట్టుకెళ్లండి. గుళ్లో కూర్చుంటే పది నిమిషాలకొకసారి మీ అత్తగారి వైపు చుట్టం ఎవరో ఒకరు తగులుతారు, ఈ కొండ మీద ఆ బాధ తక్కువ, ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు.

పొద్దు వాలాక కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసేది అక్కడే. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు, ఇప్పుడు లైట్‌హౌసూ పొడుగాటి ఇసుకా. నది మొగ దగ్గర మాత్రం నీళ్లలోకి దిగకండి. పైకి చెరువు నీళ్లలా నెమ్మదిగా కనబడుతుంది గానీ అడుగున లాగేస్తుంది, ఈత వచ్చినవాళ్లు కూడా పోయిన చోట్లు అవి. పులిహోర, పెరుగన్నం, ఒక మాగాయ ముక్క క్యారేజీలో పెట్టుకుంటే ఖర్చు పెట్రోలుకే. రానుపోను వంద కిలోమీటర్లు అటూ ఇటుగా అవుతుంది. ఇంతకంటే తక్కువలో అయ్యే హనీమూన్ నాకు తెలీదు.

ప్రశ్న (చీపురుపల్లి దగ్గర పల్లె): అప్పా, ఇంట్లో అత్తయ్య, మావయ్య, మరిది, ఇంటర్ చదివే ఆడపడుచు. మేమిద్దరం సినిమాకన్నా, విజయనగరం వెళ్లి ఐస్‌క్రీమ్ తిందామన్నా 'మేమూ వస్తాం' అంటారు. మొన్న నాకు పన్ను నొప్పి అని అబద్ధం చెప్పి ఇద్దరం బయటపడ్డాం. తిరిగొచ్చేసరికి అత్తయ్య లవంగ నూనె తెప్పించి పెట్టింది, తనే దూదితో రాసింది. నాకు ఏడుపొచ్చేసింది. ఇలా ఎన్నాళ్లు?

జవాబు: లవంగ నూనె రాసిన అత్తగారు దొరకడం మాటలు కాదు, అలాంటి మనిషికి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏమొచ్చిందా అని ముందు ఆలోచించాను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో అత్తయ్య ఉంది, మావయ్య ఉన్నాడు, మరిది ఉన్నాడు, మీ ఆయన నోరు మాత్రం ఎక్కడా తెరవలేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

'మేమిద్దరమే వెళ్తాం' అని కోడలు అంటే అది వేరు కాపురం మాటలా వినబడుతుంది. అదే మాట కొడుకు అంటే 'సరేలే, కుర్రాళ్లు సరదా పడుతున్నారు' అంటారు. అన్యాయమే, కానీ మన ఇళ్లలో ఇప్పటికీ అంతే, కాబట్టి అడగాల్సింది ఆయన. అడగడం కూడా కాదు, చెప్పడం. ముందురోజు రాత్రి అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు 'అమ్మా, రేపు సాయంత్రం మేమిద్దరం విజయనగరం వెళ్లి తొమ్మిదికల్లా వచ్చేస్తాం, నీకేమైనా కావాలా' అంటే చాలు. 'వెళ్లమంటావా' అన్నాడంటే మళ్లీ మొదటికొస్తుంది. ఇక తొమ్మిదన్నాక తొమ్మిదికే రావాలి. మొదటి నాలుగైదుసార్లు టైముకు వచ్చారంటే ఆ తర్వాత ఎవరూ గడియారం చూడరు. ఆవిడ ఏదైనా తెమ్మంటే, గంటస్తంభం బజారంతా తిరగాల్సి వచ్చినా సరే, అది తేకుండా రావద్దు.

నెలకోసారి మాత్రం మీరే ముందుగా అందర్నీ బయల్దేరదీయండి. ఆటో మాట్లాడుకుని చింతపల్లి బీచ్‌కో, పూసపాటిరేగ దగ్గర, పెద్దగా ఖర్చు ఉండదు. మావయ్యకు సముద్రం గాలి, అత్తయ్యకు వంట లేని ఒక పూట. అలా చేస్తే మిగతా ఆదివారాలు మీవని వాళ్లకే అర్థమవుతుంది.

ఆడపడుచు సంగతి వేరే చెప్పాలి. ఇంటర్ చదివే పిల్లను ఒంటరిగా ఎవరూ బయటికి పంపరు, స్నేహితురాళ్లతో వెళ్తానన్నా పంపరు, మీ బండి స్టార్టు అయిన చప్పుడు వింటే ఆ పిల్లకు తనకూ ఒక అవకాశం వచ్చిందనిపిస్తుంది. నీ మీద పోటీ కాదది. ఒక శనివారం నువ్వూ ఆ పిల్లా మాత్రమే బస్సెక్కి వెళ్లి గాజులు కొనుక్కుని, పానీపూరీ తిని రండి, మీ ఆయన ఇంట్లోనే ఉంటాడు. తర్వాత చూడు, 'వదినా, మీరిద్దరూ వెళ్లిరండి' అని ఆ పిల్లే అంటుంది. మరిది గురించి బెంగపడకు, మగపిల్లాడు, క్రికెట్ ఉంటే వాడికి అన్న కూడా గుర్తుండడు. ఎవరైనా మరీ బండి వెనక ఎక్కుతామంటే బండి మీద ఇద్దరికే చోటు, ముగ్గురెక్కితే పోలీసులు ఫైన్ రాస్తారని నవ్వుతూ చెప్పండి, అది అబద్ధం కాదు కూడా.

ప్రశ్న (నరసన్నపేట): అప్పా, ఆషాఢం అని మా ఆవిడను వాళ్ల నాన్న విజయనగరం తీసుకెళ్లిపోయారు. నెలంతా నేను అటు వెళ్లకూడదంట, తను ఇటు రాకూడదంట. ఫోన్లో ఎంతసేపని మాట్లాడతాం? మధ్యలో ఎక్కడైనా ఒక్కసారి కలుసుకుంటే తప్పా? మా అమ్మకు తెలిస్తే ఊరుకోదు.

జవాబు: తమ్ముడూ, పెద్దవాళ్లు చెప్పేది ఏమిటో సరిగ్గా చూడు. ఆషాఢంలో అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదన్నారు, అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదన్నారు. కొండ ఎక్కకూడదని ఎక్కడా అనలేదు. విజయనగరానికి దగ్గర్లో, నెల్లిమర్ల దాటాక రామతీర్థం ఉంది కదా. గుడిలో రాముణ్ణి దర్శించుకుని, పక్కనున్న బోధికొండ, గురుభక్తులకొండ చూడండి, బౌద్ధుల ఇటుకలూ జైనుల విగ్రహాలూ ఉన్న కొండలు. ఆషాఢంలో వానలు మొదలై రాళ్లు జారుతుంటాయి, చెప్పులు చూసుకుని వెళ్లండి. నువ్వు నరసన్నపేటలో బస్సెక్కి పొద్దున పదికల్లా అక్కడుంటే, ఆవిడ వాళ్ల చెల్లెల్ని తోడు తీసుకుని వస్తుంది, చెల్లెలు గుడి దగ్గర పులిహోర తింటూ కూర్చుంటుంది. ఆ చెల్లెలికి ఏదో ఒకటి కొనిపెట్టాల్సి వస్తుంది, అది నీ ఖర్చు.

ఈ ఆచారం ఎందుకు పుట్టిందో చెప్పడంలో తలొక మాటా ఉంది. పొలం పనుల రోజులు, కొత్త అల్లుడు ఇంటి పట్టునే ఉంటే నాట్లు ఎవరేస్తారని ఒకటి. ఈ నెలలో కడుపు పండితే పురుడు నడి ఎండల్లో వస్తుందని ఇంకొకటి, ఫ్యాన్లు లేని రోజుల్లో అది చిన్న విషయం కాదు. మీ అమ్మగారికి ముందే చెప్పేస్తే మంచిదని నా ఉద్దేశం. 'రామతీర్థం వెళ్లి దండం పెట్టుకుని వస్తాం' అంటే ఆవిడ ఇంకో కొబ్బరికాయ చేతిలో పెడుతుంది. దాచిపెట్టి వెళ్తే ఎవడో మీ ఊరివాడు నెల్లిమర్ల జంక్షన్లో చూసి ఆవిడకు ఫోను చేస్తాడు, ఉత్తరాంధ్రలో ఏదీ దాగదు.

ప్రశ్న (విజయనగరం): మా ఆవిడది తుని. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చూడాలని తెగ ఆశపడుతోంది. కొత్త కోడలు అంత జనంలోకి వెళ్లకూడదని మా అమ్మ పట్టుబట్టింది. ఇద్దరి మధ్య నలిగిపోతున్నాను.

జవాబు: మీ అమ్మగారు ఏ దోషమో అంటున్నారనుకోకు, ఆవిడ భయం తొక్కిసలాట. అది నిజమైన భయమే. విజయదశమి వెళ్లాక వచ్చే మొదటి మంగళవారం విజయనగరంలో కాలు పెట్టడానికి చోటుండదు. మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది సిరిమాను. పొడవాటి చింతమాను, దాని కొసన కూర్చున్న పూజారి, కింద నుంచి జనం అరటిపళ్లు విసురుతుంటే ఆ మాను నెమ్మదిగా వంగుతూ లేస్తూ కదులుతుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. ముందు పాలధార, బెస్తవారి వల, అంజలి రథం, తెల్ల ఏనుగు. తునిలో పుట్టిన పిల్ల ఇది చూడకుండా విజయనగరం కోడలు ఎలా అవుతుంది?

కాబట్టి చూడాలి, కానీ రోడ్డు మీద నిలబడి కాదు. ఆ దారిలో మేడ ఉన్న ఇల్లు మీ చుట్టాలదో స్నేహితులదో తప్పకుండా ఒకటి ఉంటుంది, విజయనగరంలో పుట్టినవాళ్లకు ఆ మాత్రం బలగం లేకుండా ఉండదు. పొద్దున్నే వెళ్లి ఆ ఇంట్లో తిష్ట వేయండి, వాళ్లకు స్వీట్లు పట్టుకెళ్లండి, మీ అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. ఆవిడే పక్కన నిలబడి కోడలికి ఏది ఏమిటో చెబుతుంది. అమ్మవారు విజయరామరాజు చెల్లెలని, 1757 బొబ్బిలి యుద్ధం వద్దని అన్నగారిని ఆపబోయిందని, పెద్ద చెరువులో దొరికిన విగ్రహమే అమ్మవారని. ఈ కథ పుస్తకంలో చదవడం కంటే అత్తగారి నోట వినడం బాగుంటుంది. బండి ఇంట్లోనే వదిలేయండి. జనంలో ఫోన్లు సరిగ్గా పనిచేయవు, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. సిరిమాను చూసి రోడ్డు మీదకు దిగే తొందర వద్దు, రద్దీ పలచబడేదాకా ఆ ఇంట్లోనే టీ తాగుతూ కూర్చోండి.

అంత ధైర్యం చెయ్యలేమంటే ముందురోజు సోమవారం తొలేళ్లు ఉంటుంది, రైతులకు విత్తనాలు పంచుతారు. అది కూడా చూడదగ్గదే. కానీ మీ ఆవిడ ఒప్పుకోదని నాకనిపిస్తోంది.

ప్రశ్న (సోంపేట): బారువ బీచ్ నుంచి చీకటిపడ్డాక వస్తుంటే బండి పంక్చరైంది. చాలా దూరం తోసుకుంటూ వచ్చాం. 'నువ్వు ఫొటోలని ఆలస్యం చేశావ్' అని ఆయన, 'మీరు టైర్లో గాలి చూసుకోలేదు' అని నేను. అప్పటి నుంచి మాటల్లేవు. పెరుగు కావాలన్నా 'అమ్మా, పెరుగు వెయ్యమను' అంటున్నారు.

జవాబు: ముందు బండి సంగతి, అది తేలిక. ట్యూబ్‌లెస్ టైరైతే మేకు దిగినా దాన్ని పీకకండి, గాలి ఆపేది అదే. మెల్లగా నడుపుకుంటూ షాపు దాకా వచ్చేయొచ్చు, కాస్త గాలి కొట్టుకునే చిన్న పంపు డిక్కీలో ఉంటే మరీ మంచిది. ట్యూబ్ టైరైతే తోసుకోవడమే గతి. పదిహేను రోజులకోసారి గాలి పట్టించుకుంటే సగం పంక్చర్లు రావు. నీ సంగతి ఇంకోటి. చీరతో ఒక పక్కకు కూర్చుంటావు కదా, పమిట కొంగు నడుముకు గట్టిగా దోపుకో, చక్రానికి చీర గార్డు ఉందో లేదో చూడు, ఆ కంగారులో ఎవరూ దాని గురించి అనుకోరు గానీ కొంగు చక్రంలో చిక్కుకుని పడిపోయినవాళ్లు మన ఊళ్లలో తక్కువేం లేరు. హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి. వెనక కూర్చున్నవాళ్లకు అక్కర్లేదనుకుంటారు, చట్టం అలా అనలేదు, వెయ్యి రూపాయల ఫైను, పైగా మూడు నెలలు లైసెన్సు కూడా ఆపేయొచ్చు. జడ ముడికి పట్టదు, పూలు నలుగుతాయి అని సాకులు చెప్పకు.

ఇక పెరుగు. బండి ఆయనొక్కడే తోశాడా, నువ్వూ ఓ చెయ్యి వేశావా? ఉత్తరంలో అది రాయలేదు. ఆయన తోస్తుంటే నువ్వు సెల్‌ఫోన్ లైటు పట్టుకుని వెనక నడిచావని నా అనుమానం, అదే అయితే ఆయన కోపంలో కొంత న్యాయముంది. నువ్వూ తోసి ఉంటే న్యాయమంతా నీదే. ఏదైనా సరే, ఈ పెరుగు రాయబారం మాత్రం వెంటనే ఆపండి. మీ అత్తగారికి ఇది మహా సరదాగా ఉండి ఉంటుంది, ఇంకొన్నాళ్లు సాగితే ఊరంతా కథ. రేపు భోజనం దగ్గర ఆయన అడగకముందే పెరుగు గిన్నె తీసుకెళ్లి ఆయన పక్కన పెట్టు, వడ్డించొద్దు, పెట్టు అంతే. 'పంక్చర్ వేయించారా' అని అడుగు. బండి గురించి మాట్లాడమంటే మౌనవ్రతంలో ఉన్న మగాడైనా మాట్లాడతాడు.

ప్రశ్న (రాజాం): మొదటి పెళ్లిరోజు వస్తోంది. పట్టుచీర వద్దంటోంది మా ఆవిడ, పొందూరు ఖాదీ చీర కావాలంటోంది. నాకు ఖాదీ అంటే మా తాత పంచె తప్ప తెలీదు. మోసపోకుండా ఎలా కొనాలి?

జవాబు: నీ ఆవిడకు మంచి అభిరుచి ఉంది, నీకు లేకపోయినా. మీకు దగ్గరే కదా, చీర కొనుక్కొచ్చి సర్ప్రైజ్ ఇద్దామనే ఆలోచన మానేసి ఆవిణ్ణే పొందూరు తీసుకెళ్లు. అక్కడ పత్తిని దువ్వడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. దాని పళ్లు సన్నగా, సూదుల్లా, ఒత్తుగా ఉంటాయి, ఏ ఇనప దువ్వెనకూ ఆ పనితనం రాదు. అరచేతిలో పట్టేంత ముక్క పట్టుకుని, దూదిని పొరలు పొరలుగా విప్పుతూ ఉంటారు, మధ్యమధ్య గింజ పొట్టు తగిలితే గోటితో తీసి పక్కన పడేస్తారు. ఆ దూదితో ఒంటి కదురు రాట్నం మీద వంద కౌంటు, ఆ పైన కూడా నూలు తీస్తారు. ఎక్కువగా తీసేది ఆడవాళ్లే, వయసు మళ్లినవాళ్లే. అది చూశాక మీ ఆవిడ బేరం ఆడదు, ఆ సంగతి ముందే ఊహించుకుని డబ్బులు పెట్టుకుని వెళ్లు.

కొనేది ఖాదీ సంఘం దుకాణంలో కొను, ఖాదీ మార్కు ట్యాగు చూసుకో. గుడ్డను వెలుతురుకు ఎత్తి చూడు. చేత్తో వడికిన నూలు ఒకచోట కాస్త లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది, మిల్లు నూలు మొదటి నుంచి చివరిదాకా ఒకే మందం. గాంధీ జయంతి రోజుల్లో రిబేటు ఇస్తుంటారు, మీ పెళ్లిరోజు ఆ దగ్గర్లోనే అయితే కలిసొస్తుంది. ఇంటికి తెచ్చాక వాషింగ్ మెషిన్లో పడేయకండి, విడిగా ఉతికి, గంజి పెట్టి, నీడన ఆరేయాలి. నువ్వు కూడా మీ తాత కట్టిన పంచెలాంటిది ఒకటి కొనుక్కో, కట్టుకోవడం రాదంటే మీ నాన్న నేర్పుతారు.

ప్రశ్న (నెల్లిమర్ల): మా ఆవిడ నర్సు, రాత్రి డ్యూటీ చేసి పొద్దున వస్తుంది. తను లేచేసరికి మంచి కూర చేసి పెట్టాలనుంది. నాకు టీ, ఆమ్లెట్ తప్ప రావు. పనసపొట్టు కూర అంటే తనకు ప్రాణం.

జవాబు: నాయనా, ప్రాణం ఉన్న కూరతోనే మొదలుపెట్టావు, కానీ భయపడకు. పనసకాయ నువ్వు కొట్టొద్దు, జిగురుతో ఇల్లంతా పాడు చేస్తావు. రైతుబజారులో కొట్టిన పొట్టు అమ్ముతారు, పావుకిలో చాలు. ఉప్పు, పసుపు వేసి మెత్తబడేదాకా ఉడికించి, నీళ్లు వార్చి, చల్లారాక చేత్తో గట్టిగా పిండు, ఇక్కడ బద్ధకిస్తే కూర ముద్దవుతుంది. మూకుట్లో నూనె కాస్త ఎక్కువే పోసి శనగపప్పు, మినపప్పు, ఎండుమిరప, జీడిపప్పు, ఇంగువ, కరివేపాకు, పచ్చిమిర్చి పోపు. చిక్కటి చింతపండు గుజ్జు వేసి పచ్చివాసన పోయాక పొట్టు వేసి కలిపి, నీరు ఇంకేదాకా వేయించు. పొయ్యి ఆపేసి, కూర వేడి కాస్త తగ్గాక నూరిన ఆవముద్ద ఒక చెంచా కలుపు. పొయ్యి మీద ఉండగా కలిపితే చేదొస్తుంది, కొత్తగా వండేవాళ్లు ఎక్కువగా తప్పేది అక్కడే. ఇది నిలవున్నకొద్దీ రుచి, మధ్యాహ్నం ఆవిడ నిద్ర లేచే టైముకు సరిగ్గా ఊరుతుంది. ఆ తర్వాత గిన్నెలు, మూకుడు, స్టవ్వు కడిగి పెట్టు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషి వంటింట్లోకి రాగానే జిడ్డు మూకుడు కనబడితే నువ్వు పెట్టింది కూర అనిపించదు.

ప్రశ్న (టెక్కలి): తేలినీలాపురం పక్షులు ఎప్పుడు చూడాలి? ఇద్దరం ఒకసారి వెళ్తే ఒక్క పక్షీ లేదు.

జవాబు: ఎండాకాలం వెళ్లుంటారు. చలికాలంలో వెళ్లండి, ఎర్రకాళ్ల కొంగలూ, పెద్ద సంచి ముక్కుల పెలికాన్లూ ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కడతాయి. పొద్దున్నే గానీ, సాయంత్రం మేతకు పోయినవి తిరిగొచ్చేటప్పుడు గానీ. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూస్తారు వాటిని ఆ ఊరివాళ్లు, చెట్టు కింద బాణాసంచా, డీజే పాటలు పెట్టకండి. చెట్ల కింద నిలబడేటప్పుడు కొత్త బట్టలు వద్దు, కారణం అక్కడికెళ్తే తెలుస్తుంది.

ప్రశ్న (గజపతినగరం): ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదని మా ఆవిడ బండి ఎక్కనంటోంది. ప్రతి ఆదివారం బస్సే. తనకు ఫ్రీ, నేను డబ్బులు కట్టి పక్కన నిలబడతాను. బండి ఇంట్లో తుప్పు పడుతోంది. ఏం చెయ్యను?

జవాబు: 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలైనప్పట్నుంచి ఇలాంటి ఏడుపు ఉత్తరాలు చాలానే వస్తున్నాయి, అన్నీ మగవాళ్లవే. ఆవిడ లెక్క కరెక్టు. పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆవిడ టికెట్ సున్నా అయితే నీ ఒక్కడి టికెట్ బండి పెట్రోలుకంటే తక్కువే. బస్సులో ఆవిడ కిటికీ పక్కన కూర్చుని బయటికి చూడొచ్చు, బండి వెనక కూర్చుంటే నీ వీపే చూడాలి. అయినా నీ బాధ కూడా అర్థమైంది, కాబట్టి ఆవిణ్ణి ఒకసారి బస్సులోనే బొబ్బిలి తీసుకెళ్లు, రామభద్రపురం మీదుగా తిన్నగా పోతుంది. పక్కనే గొల్లపల్లిలో వీణలు చేస్తారు, పనస మానును ఒకే దుంగగా తొలిచి తీసే ఏకాండి వీణ అక్కడిదే. మధ్యలో ఖాళీ చేసిన దుంగను పట్టుకుని ఉలితో లోపలి అంచు గీస్తుంటే చెక్కపొట్టు పసుప్పచ్చగా ఒళ్లో పడుతుంటుంది. చేతిలో పట్టే బొమ్మ వీణలు కూడా చేస్తారు, టీవీ మీద పెట్టుకోవచ్చు, మీ ఇంట్లో ఒకటి ఉంటే బాగుంటుంది. అక్కడి లోపలి వీధులు తిరగడానికి బస్సు పనికిరాదు కాబట్టి 'ఈసారి బండి తెచ్చుకుందాం' అని ఆవిడే అనొచ్చు, అనకపోతే మాత్రం నువ్వు నోరెత్తకు. ఆధార్ కార్డు మరిచిపోవద్దని చెప్పు, లేకపోతే ఆవిడ టికెట్ కూడా నీ జేబులోంచే.